నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో భవనం వాటా ఎంత?

మా అపార్ట్‌మెంట్ బెంగళూరు మున్నేకొళాలలో ఉంది. మారతహళ్లి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఆ వీధులు కొత్త కాదు. 64 ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, కింద బేస్‌మెంట్ పార్కింగ్. కట్టి పదిహేనేళ్లు దాటింది. రెండేళ్ల క్రితం వానాకాలంలో ఒక రాత్రి బేస్‌మెంట్ పైకప్పు నుంచి పెచ్చు ఊడి, పార్క్ చేసి ఉన్న స్కూటర్ సీటు మీద పడింది. అరచేతి కంటే కాస్త పెద్ద ముక్క, అంతే. కానీ సాయంత్రం పూట పిల్లలు క్రికెట్ ఆడేది సరిగ్గా అక్కడే. టార్చ్ వేసి పైకి చూస్తే స్లాబులోని ఇనుప రాడ్లు తుప్పు పట్టి ఎర్రగా బయటికి కనిపిస్తున్నాయి.

ఆ ఆదివారమే మీటింగ్ పెట్టాం. అప్పుడు నేను ట్రెజరర్‌ని. బేస్‌మెంట్ రిపేరుకు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కు కలిపి ఫ్లాటుకు ఇంత అని చెప్పగానే గ్రౌండ్ ఫ్లోర్ ఆయన లేచారు. "టెర్రస్‌కి నేనెందుకు కట్టాలండీ? పై ఫ్లోర్ వాళ్లు చూసుకోవాలి గానీ" అన్నారు. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో ఉన్న ఒక ఓనర్ "నేను అక్కడ ఉండటం లేదు కదా సార్, అద్దెకిచ్చాను, మా టెనెంట్‌ని అడగండి" అన్నారు. 204లో ఉండే పెద్దావిడ మాత్రం కోపం లేకుండా అడిగారు: "నెలనెలా మెయింటెనెన్స్ కడుతూనే ఉన్నాం కదా బాబూ, ఆ డబ్బంతా ఏమైంది?"

ఆ రోజు ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చట్టం, బైలాలు (అసోసియేషన్ నియమావళి), మా పాత బిల్లుల ఫైళ్లు ముందేసుకుని తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. బెంగళూరులో ఫ్లాట్ కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందు మనం కొన్నదేమిటో చూద్దాం. సేల్ డీడ్ తీసి చదివితే అందులో రెండు ఆస్తులు కనిపిస్తాయి. ఒకటి నాలుగు గోడల మధ్య ఉన్న ఫ్లాట్. రెండోది స్థలంలోనూ, ఉమ్మడి భాగాల్లోనూ విడదీయని వాటా. రిజిస్ట్రేషన్ రోజున మన దృష్టి అంతా మొదటిదాని మీదే ఉంటుంది. బాధ్యతలు పుట్టేది మాత్రం ఎక్కువగా రెండోదాని నుంచే.

1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం పునాదులు, పిల్లర్లు, బీములు, ప్రధాన గోడలు, పైకప్పు, మెట్లు, కారిడార్లు, బేస్‌మెంట్, లిఫ్టులు, నీళ్ల ట్యాంకులు, పంపులు, మోటార్లు అన్నిటినీ ఉమ్మడి ఆస్తిగానే లెక్కేస్తుంది. భవనంలో ఏది ఎవరిదో, ఎవరి వాటా ఎంతో రాసిన డిక్లరేషన్ పత్రంలో వేరుగా రాసి ఉంటే తప్ప టెర్రస్ పై ఫ్లోర్ వాళ్ల సొంతం కాదు. గ్రౌండ్ ఫ్లోర్ ఆయనకు అందులో వాటా ఉంది. ఆయన ఎప్పుడూ ఎక్కని లిఫ్ట్‌లోనూ ఉంది. అలాగే అయిదో అంతస్తులో ఉన్నవాళ్లకు బేస్‌మెంట్ పిల్లర్‌లో వాటా ఉంది. ఆ పిల్లర్ గట్టిగా ఉంటేనే కదా అయిదో అంతస్తు నిలబడేది.

హైదరాబాద్ ఓనర్‌గారి ప్రశ్నకు కూడా అదే చట్టంలో జవాబుంది. ఉమ్మడి సౌకర్యాలు వాడుకోవడం లేదనో, ఫ్లాట్ వదిలేసి వెళ్లిపోయాననో చెప్పి ఉమ్మడి ఖర్చుల నుంచి ఎవరూ తప్పుకోవడానికి వీల్లేదు. ఓనర్ ఎక్కడున్నా బాధ్యత ఓనర్‌దే. టెనెంట్ ఎంత కట్టాలన్నది అద్దె ఒప్పందంలో వాళ్లిద్దరూ తేల్చుకునే సంగతి. కట్టని బకాయి ఆ ఫ్లాట్ మీదే భారంగా నిలుస్తుంది. ప్రభుత్వ పన్నులు, మొదటి తనఖా తర్వాత స్థానం దానిదే. ఫ్లాట్ అమ్మితే పాత బకాయికి అమ్మినవాళ్లతో పాటు కొన్నవాళ్లూ జవాబుదారులవుతారు. సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ కొనేవాళ్లు ఈసీ (ఆస్తి మీద తనఖాల వంటివి చూపే పత్రం) చూసుకున్నంత జాగ్రత్తగా అసోసియేషన్ దగ్గర బకాయిలు లేవన్న కాగితం కూడా తీసుకోవాలి.

ఇక్కడో చిక్కుంది. ఈ చట్టం వర్తించాలంటే డీడ్ ఆఫ్ డిక్లరేషన్ రాసి రిజిస్టర్ చేసి ఉండాలి. బెంగళూరులో చాలా అసోసియేషన్లు ఆ పని చేయకుండా 1960 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై నడుస్తున్నాయి. మీది ఏ చట్టం కింద ఉందో, డిక్లరేషన్ కాపీ ఎవరి దగ్గర ఉందో సెక్రటరీని అడగండి. ఖర్చుల పంపకం కూడా దాని మీదే ఆధారపడుతుంది. 1972 చట్టం ప్రకారం అయితే ఎవరి వాటా శాతం ఎంతో అంత కట్టాలి, అందరికీ సమానంగా కాదు.

ఇక పెద్దావిడ ప్రశ్న. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

మా బిల్లులన్నీ వరసగా పేర్చి చూశాను. సెక్యూరిటీ జీతాలు, ఊడ్చి తుడిచేవాళ్ల జీతాలు, కారిడార్ కరెంటు, నీళ్ల ట్యాంకర్లు, జనరేటర్ డీజిల్, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం), ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటర్. ప్రతి రూపాయికీ లెక్క ఉంది, తినేసింది ఎవరూ లేరు. కానీ ఆ డబ్బంతా ఏ నెలకానెల ఆ నెల అవసరాలకే ఖర్చయిపోయింది. భవనానికి కూడా వయసు పెరుగుతోంది, దానికి డబ్బు కావాలన్న ఆలోచన పదమూడేళ్ల లెక్కల్లో ఒక్క చోట కూడా లేదు. మనం మెయింటెనెన్స్ అని పిలిచేది నిజానికి రోజువారీ నడిపే ఖర్చు. భవనాన్ని కాపాడే ఖర్చు వేరే.

ఆ వయసు పెరగడం ఎలా జరుగుతుందో తెలిస్తే డబ్బు ఎందుకో అర్థమవుతుంది. కొత్త కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ. దానివల్ల లోపలి ఇనుము చుట్టూ ఒక సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి కొద్దికొద్దిగా చొరబడి ఆ క్షార గుణాన్ని తగ్గిస్తుంది. పగుళ్లున్న చోట, చెమ్మ తగిలే చోట ఈ పని తొందరగా సాగుతుంది. పొర పోయాక తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. ఆ పగుళ్లలోంచి మరింత నీరు దిగుతుంది, తుప్పు మరింత పెరుగుతుంది. మా స్కూటర్ మీద పడిన ముక్క ఈ కథలో ఆఖరి ఘట్టం. మొదటి ఘట్టం చాలా ఏళ్ల ముందే, బేస్‌మెంట్ పైనున్న పూలతొట్ల దగ్గర నీరు నిలవడంతో మొదలైంది. అప్పుడే అక్కడ వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఉంటే కొద్దిరోజుల పని. ఇప్పుడు కాంక్రీటు చెక్కి, రాడ్లు శుభ్రం చేసి, రసాయనం పూసి, మళ్లీ మోర్టార్ పెట్టాల్సి వచ్చింది. చెన్నైలో సముద్రానికి దగ్గరగా ఉన్న భవనాలకైతే గాలిలోని ఉప్పు కూడా తోడవుతుంది, కాబట్టి అక్కడ ఇంకా ముందే మేలుకోవాలి.

అందుకే నీళ్లు నిలిచే ప్రతి చోటునూ నేను అనుమానంగా చూస్తాను. టెర్రస్ మీద పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు వంద కిలోల బరువు. ఎండాకులు, పావురాల ఈకలు తూముకు అడ్డం పడితే చాలు, ఒక్క పెద్ద వానకు అంత నీరు నిలవగలదు. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లోనే ఉరుముల వానలు మొదలవుతాయి కాబట్టి టెర్రస్ తూములన్నీ ఏప్రిల్ మొదట్లోనే శుభ్రం చేయాలి. పనివాళ్లు చేశామంటే సరిపోదు, బకెట్ నీళ్లు పోసి దిగుతున్నాయో లేదో చూడాలి. సోలార్ హీటర్ల స్టాండ్లు బిగించడానికి స్లాబులో వేసిన కన్నాలు కూడా చూడాలి. మా టెర్రస్‌లో చెమ్మ దిగిన నాలుగు చోట్లలో మూడు ఆ కన్నాలే.

రావి మొక్కల గురించి కూడా చెప్పాలి. పక్షులు విత్తనం వేస్తే పైపు పక్కన, సన్‌షేడ్ మీద రావి, మర్రి మొలుస్తాయి. రావి కదా అని పీకడానికి మనవాళ్లకు చేతులు రావు. ఆ భక్తిని నేను గౌరవిస్తాను. కానీ దాని వేరు గోడ పగుల్లోకి దిగి పగులును వెడల్పు చేస్తుంది. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి, ఖాళీ నేలలోనో గుడి దగ్గరో నాటితే మొక్కా బతుకుతుంది, గోడా బతుకుతుంది.

కాంక్రీటు మెల్లగా చెడుతుంది. యంత్రాలు అలా కాదు, ఒక్క రోజులో ప్రాణం మీదికి తెస్తాయి. లిఫ్టుల సంగతి 2012 నాటి కర్ణాటక లిఫ్టులు, ఎస్కలేటర్ల చట్టం చూస్తుంది. లైసెన్సు, తనిఖీలు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ పని. అయితే ఏఎంసీ ఉంది కదా అని ఊరుకోకూడదు. ఆ ఒప్పందంలో తాళ్లు, మోటారు లాంటి ఖరీదైన భాగాలు కలిసి ఉన్నాయో, సర్వీసు మాత్రమేనో చదివి చూడాలి. మా ఒప్పందంలో సర్వీసు మాత్రమే ఉందన్న సంగతి తాళ్లు మార్చాల్సి వచ్చిన రోజునే మాకు తెలిసింది.

నిప్పు విషయంలో బెంగళూరు మరచిపోకూడని తేదీ 2010 ఫిబ్రవరి 23. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. పొగ నిండిన అంతస్తుల నుంచి ప్రాణభయంతో కిందికి దూకినవాళ్లున్నారు. అది ఆఫీసుల భవనం. కానీ మన అపార్ట్‌మెంట్లలో మెట్ల మలుపుల్లో పెట్టే పాత పరుపులు, సైకిళ్లు, ఎలక్ట్రికల్ డక్ట్‌లో దాచే చీపుర్లు, అట్టపెట్టెలు చూసినప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. ఫైర్ పైపుల్లో ఒత్తిడి నిలబెట్టడానికి జాకీ పంపు అని ఒక చిన్న పంపు ఉంటుంది. ఎక్కడో వాల్వ్ కారుతుంటే అది మాటిమాటికీ ఆన్ అవుతుంది. ఆ చప్పుడు పడలేక ఎవరో ప్యానెల్‌ను మాన్యువల్‌కు తిప్పేస్తారు. ఇక నిప్పంటుకున్న రోజు పంపు తనంతట తాను ఆన్ కాదు. మీ పంప్ రూమ్‌కు వెళ్లి ఆ స్విచ్ ఆటోలో ఉందో లేదో ఈ రోజే చూడండి. కరెంటు మీటర్ల గదిలో వదులైన కనెక్షన్లు వేడెక్కి కాలకుండా ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్ చేత అన్నీ బిగింపించడం, ఎర్తింగ్ పరీక్ష చేయించడం చిన్న ఖర్చే.

ఎస్టీపీ గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. సరిగ్గా నడపని ఎస్టీపీ ట్యాంకుల్లో విషవాయువులు పేరుకుంటాయి. పంపు మూసుకుపోయిందని ఒక మనిషిని తాడు, మాస్క్ లేకుండా లోపలికి దింపడమంటే చావుకు పంపడమే. మనుషుల చేత మలం, మురుగు ఎత్తించడాన్ని నిషేధించే 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పది లక్షల నుంచి ముప్పై లక్షలకు పెంచింది. కాంట్రాక్టర్‌కు అప్పగించాం కాబట్టి మాకు సంబంధం లేదని ఏ కమిటీ అనుకోకూడదు. బ్లోయర్లు, పంపులు వేళకు సర్వీసు చేయిస్తే మనిషి దిగాల్సిన అవసరమే చాలావరకు రాదు.

ఉమ్మడి భాగాల సంగతి ఇదైతే, ఫ్లాట్ లోపల మనిష్టమా? పూర్తిగా కాదు. భవనం గట్టితనానికి, భద్రతకు హాని చేసే పని ఏదీ ఓనర్ చేయకూడదని 1972 చట్టమే చెబుతోంది. 2022 ఫిబ్రవరి 10న గురుగ్రామ్‌లోని ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్‌లో పనులు జరుగుతుండగా స్లాబ్ కూలి, కింది అంతస్తుల స్లాబులను కూడా తోసుకుంటూ పడింది. ఇద్దరు చనిపోయారు. గోడ తీసేసి హాలు పెద్దది చేసుకునే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడగడం మన పక్కవాళ్ల ప్రాణాలకు మనం ఇచ్చే విలువ.

రోజూ జరిగే గొడవ మాత్రం బాత్రూమ్ లీకేజీదే. 204 పెద్దావిడ బాత్రూమ్ సీలింగ్ ఆరు నెలలు కారింది. పైన 304లో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకు ఉంటున్నారు, ఓనర్ నెల్లూరులో. "మా బాత్రూమ్ పొడిగానే ఉందన్నా, ఓనర్‌ని అడక్కుండా మేం పగలగొట్టనివ్వలేం" అన్నారు వాళ్లు. వాళ్ల మాటలో తప్పులేదు.

ఇలాంటప్పుడు ముందు లీకు రకం తేల్చాలి. ఎవరూ స్నానం చేయకపోయినా చుక్కలు పడుతూనే ఉంటే ఒత్తిడితో నీళ్లొచ్చే పైపు కారుతున్నట్టు. స్నానాల తర్వాతే పడుతుంటే నేల వాటర్‌ప్రూఫింగ్ గానీ, నహానీ ట్రాప్ (నేల తూము) జాయింట్ గానీ పోయినట్టు. ట్రాప్ మూసి, నేల మీద రంగునీళ్లు ఒక రోజు నిలబెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత ఖర్చు ఎవరిదన్నది చాలా బైలాల్లో రాసే ఉంటుంది. ఒక్క ఫ్లాట్‌కే పనికొచ్చే పైపులు, టైల్స్, ట్రాప్ ఆ ఓనర్‌వి. షాఫ్ట్‌లో పైనుంచి కిందికి అందరి నీళ్లూ మోసే నిలువు పైపు అందరిదీ. తన ఫ్లాట్‌లో చేయించాల్సిన రిపేరు చేయించక పక్కవాళ్లకు నష్టం జరిగితే దానికి కూడా ఆ ఓనరే బాధ్యుడు. కాబట్టి 304 ఓనర్ తన బాత్రూమ్ రిపేరుతో పాటు కింద 204 సీలింగ్ పెయింట్ కూడా వేయించి ఇవ్వాలి.

తలుపు తీయకపోతే? ఉమ్మడి భాగాల రిపేరు కోసమైనా, ఇంకో ఫ్లాట్‌కు నష్టం కలగకుండా ఆపే అత్యవసర రిపేరు కోసమైనా తగిన వేళల్లో ఫ్లాట్‌లోకి వెళ్లే హక్కు 1972 చట్టం అసోసియేషన్‌కు ఇచ్చింది. మేం ఆ సంగతి నెల్లూరు ఓనర్‌గారికి మర్యాదగా ఉత్తరం రాసి పంపాం. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి, "ఇంత జరుగుతోందని నాకు ఎవరూ చెప్పలేదండీ" అని తాళం ఇప్పించారు. ట్రాప్ జాయింటే పోయింది. రెండు రోజుల పని.

కొత్త భవనాల వాళ్లకు ఇంకో అండ ఉంది. రెరా అనే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం ఫ్లాట్ చేతికిచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో లోపం గానీ బయటపడి మనం తెలియజేస్తే బిల్డర్ ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చాలామంది ఆ ఐదేళ్లూ నోటిమాటతో గడిపేస్తారు. ఫొటో, తేదీతో రాతపూర్వకంగా ఇవ్వండి. మీరు సరిగ్గా మెయింటెనెన్స్ చేయకపోవడం వల్లే పాడైందని బిల్డర్ వాదించకుండా సర్వీసు రికార్డులు దాచుకోండి.

ఇక డబ్బు. రాబోయే పదేళ్లలో మీ భవనానికి పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్, లిఫ్ట్ భాగాలు, పంపులు అన్నీ కలిపి 64 లక్షల పెద్ద పనులు ఉన్నాయనుకుందాం. 64 ఫ్లాట్లు, అందరికీ ఒకే వాటా అనుకుంటే ఫ్లాటుకు లక్ష. ఇప్పటి నుంచే దాచితే నెలకు దాదాపు 833 రూపాయలు చాలు, దాని మీద వడ్డీ కూడా వస్తుంది. దాచకపోతే పదో ఏడు ఒకేసారి లక్ష అడగాలి. పెన్షన్ మీద బతికే 204 పెద్దావిడ లాంటివాళ్లు ఆ లక్ష ఎక్కడి నుంచి తేవాలి? అంతకంటే అన్యాయం ఇంకోటుంది. తొమ్మిదేళ్లు లిఫ్టును, టెర్రస్‌ను వాడుకుని అరగదీసిన ఓనర్ తొమ్మిదో ఏడు చివర అమ్మేసి వెళ్లిపోతే ఏమీ కట్టడు. కొత్తగా హోమ్ లోన్ తీసుకుని వచ్చిన కుటుంబం మీద లక్ష పడుతుంది. ఎవరు వాడిన కాలానికి వాళ్లు కట్టడం న్యాయం. సింకింగ్ ఫండ్ అంటే అంతే.

మెయింటెనెన్స్ తక్కువగా ఉంచామని గొప్పగా చెప్పుకునే కమిటీలను చూస్తే నాకు బాధేస్తుంది. ఒక్కొక్కరికి నెలకు 7,500 రూపాయలు దాటి, అసోసియేషన్ ఏటా వసూలు కూడా 20 లక్షలు మించితే జీఎస్టీ పడుతుందని ఆ గీత దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోయేవాళ్లున్నారు. బిల్డర్ ఇచ్చిన కార్పస్ (మూలనిధి) వడ్డీని సెక్యూరిటీ జీతాలకు వాడేవాళ్లున్నారు. మేమూ ఆ పనే చేశాం. అందుకే బేస్‌మెంట్ రిపేరుకు చేతిలో పైసా లేకపోయింది.

ఇప్పుడు మా నోటీసు బోర్డు మీద నెల లెక్కలో రెండు వరుసలు వేరువేరుగా ఉంటాయి: ఈ నెల ఖర్చు, భవనం కోసం దాచింది. రెండోది వేరే బ్యాంకు ఖాతాలో ఉంటుంది, జనరల్ బాడీ ఒప్పుకోనిదే తీయడానికి లేదు. ఏప్రిల్ మొదటి ఆదివారం వీలైన ఓనర్లందరం టెర్రస్ నుంచి బేస్‌మెంట్ దాకా నడిచి, కనిపించిన చెమ్మ మరక, పగులు, మొక్క అన్నీ ఫొటో తీసి రాసిపెడతాం. గత ఏప్రిల్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఆయన కూడా వచ్చారు. తూర్పు వైపు తూము పక్కన వెంట్రుకవాసి పగులు మొదట చూసింది ఆయనే.